సార్టర్ కంటే ముందు డ్రయ్యర్: పలాస జీడి యూనిట్‌కి పదేళ్ల ప్లాను

ప్రశ్న: మాది కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్. నాన్నగారి హయాం నుంచి నడుస్తోంది. రోజుకి 20 బస్తాల పిక్కలు (తొక్కతో ఉన్న జీడిగింజలు) కటింగ్‌కి వెళ్తాయి, ఏడాదికి 250 రోజులు పని ఉంటుంది. పీలింగ్‌కి, గ్రేడింగ్‌కి 30 మంది ఆడవాళ్లు రావాలి, ఈమధ్య 22, 23 మందికి మించి రావడం లేదు. బీటెక్ చేసిన మా అబ్బాయి కటింగ్, పీలింగ్, ఏఐ కలర్ సార్టర్ (కెమెరాతో చూసి మచ్చ పప్పుని వేరుచేసే యంత్రం) అన్నీ కలిపి 85 లక్షల లైను ఒకేసారి పెట్టేద్దామంటున్నాడు. అందులో 60 లక్షలు బ్యాంకు అప్పు. నాన్నగారేమో మూలపేట పోర్టు తెరిచేదాకా ఆగమంటున్నారు. పదేళ్లలో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియనప్పుడు ప్లాను ఎలా వేసుకోవాలి? ఏది ముందు కొనాలి? మా దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలకి ఏం నేర్పిస్తే పనికొస్తుంది? – ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: మీ అబ్బాయి, మీ నాన్నగారు ఇద్దరూ చేస్తున్నది ఒకటే, భవిష్యత్తును ఊహిస్తున్నారు. ఒకరి ఊహ ప్రకారం ఇప్పుడే కొనాలి, మరొకరి ఊహ ప్రకారం ఆగాలి. ఎవరి ఊహ నిజమవుతుందో తేల్చుకోనక్కర్లేదు. ఏం జరిగినా పనికొచ్చే ఖర్చు ఏది, ఫలానాది జరిగితేనే పనికొచ్చే ఖర్చు ఏది అని విడదీసుకుంటే చాలు. మొదటి రకం ఖర్చు ఇప్పుడు పెట్టండి. రెండో రకానికి ఆ ‘ఫలానాది’ ఏమిటో కాగితం మీద రాసుకుని, అది కనబడ్డ రోజున పెట్టండి. పెద్ద కంపెనీలు చేసేదీ ఇదే. షెల్ చమురు సంస్థ 1970ల మొదట్లో చమురు ధర ఒక్కసారిగా పెరిగితే ఏం చేయాలో ముందే రాసుకుంది. అందుకే 1973లో ధర నిజంగా పెరిగినప్పుడు మిగతావాళ్ల కంటే తక్కువ తడబడింది. ధర పెరుగుతుందని జోస్యం చెప్పినందుకు కాదు, పెరిగితే ఏమిటన్నది ముందే ఆలోచించి ఉన్నందుకు.

ముందు మీ విషయంలో ఖాయంగా చెప్పగలిగినవి చూద్దాం. చేతిపనికి మనుషులు తగ్గడం ఖాయం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి. దానికితోడు మన జిల్లాల వలస ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు పదేళ్లున్న పిల్లలు పనికొచ్చే వయసుకి వచ్చేసరికి కింద కూర్చుని ఎనిమిది గంటలు పొట్టు తీసే పనికి రారు. రావాలని మనం కోరుకోకూడదు కూడా. అంటే 30లో 22 అన్నది ఈ ఏడాది ఇబ్బంది కాదు, మీ యూనిట్ వెళ్లబోయే దారి.

రెండో ఖాయం తుపాను. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. తేదీలు చూడండి. తిత్లీ అయితే నేరుగా పలాస పక్కనే దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టింది. కాబట్టి కొత్త యంత్రం బిగించడం, పైకప్పు విప్పడం లాంటి పనులేవీ సెప్టెంబర్ ఆఖరు నుంచి నవంబర్ మధ్యకి పెట్టుకోకండి.

ఇక తేలనివి. అన్నిటికంటే పెద్దది ఆఫ్రికా పిక్క. స్థానిక పంట చాలక పలాస మిల్లులు పశ్చిమాఫ్రికా పిక్కల మీద ఆధారపడుతున్నాయి. ఆ దేశాలు మాత్రం పిక్కని అమ్మడం మాని పప్పునే అమ్మాలని చూస్తున్నాయి. ప్రపంచంలో అత్యధికంగా పండించే ఐవరీ కోస్ట్ సొంత ఫ్యాక్టరీల్ని ప్రోత్సహిస్తోంది. బెనిన్ అయితే 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతిని ఆపుతానని ముందే ప్రకటించింది. ఇది ఎంత వేగంగా సాగుతుందో తెలియదు. నెమ్మదిగా సాగితే మీకు పదేళ్లు పిక్క దొరుకుతుంది. వేగంగా సాగితే పెద్ద యంత్రాలు పెట్టుకున్న యూనిట్లే ముందు దెబ్బతింటాయి, ఎందుకంటే యంత్రం ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగదు.

మీ 60 లక్షల అప్పుని ఈ కోణంలో లెక్క వేయండి. 11 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 1,30,000 రూపాయలు, ఏడాదికి 15.65 లక్షలు. మీకు ఏడాదికి 5,000 బస్తాలు. అంటే బస్తాకి 313 రూపాయలు. పిక్క దొరక్క సగం రోజులే నడిస్తే బస్తాకి 626. మీ బస్తా మీద మిగులు ఇప్పుడెంతో ఈ అంకె పక్కన రాసి చూడండి. రెండో అంకెని కూడా తట్టుకోగలిగితేనే మొత్తం లైను ఒకేసారి కొనడం గురించి మాట్లాడొచ్చు. చాలా చిన్న యూనిట్లు తట్టుకోలేవు.

పోర్టు విషయం. మూలపేటలో పనులు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. కానీ పోర్టు కట్టడం పూర్తికావడం వేరు, ఆఫ్రికా నుంచి వచ్చే కంటైనర్లని దించే ఓడలు అక్కడ క్రమం తప్పకుండా ఆగడం వేరు. మీకు అక్కరకొచ్చేది రెండోదే. అది జరిగేదాకా మీ కంటైనర్ విశాఖ నుంచే వస్తుంది. అప్పటికీ మీకు మిగిలేది లారీ కిరాయిలో తేడా మాత్రమే. మనుషుల కొరతని పోర్టు తీర్చదు, ఇంకా పెంచుతుంది. పోర్టులోనూ, భోగాపురం విమానాశ్రయం చుట్టూనూ జీతం పని దొరికితే కుర్రాళ్లు అటు వెళ్తారు. కాబట్టి పోర్టు కోసం ఆగడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, నాన్నగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. అయితే ‘తొందరపడకు’ అన్న ఆయన మాటలో అసలు సంగతి ఉంది. అది యంత్రాల వరసకి వర్తిస్తుంది.

ఆ వరస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అమ్మేవాళ్లు ముందు కలర్ సార్టర్ చూపిస్తారు. కళ్లముందు తెల్ల పప్పు ఒకవైపు, మచ్చ పప్పు ఒకవైపు పడుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ సార్టర్ మీ గొలుసులో చివరి కొక్కెం. పిక్క ఉడకడం, ఆరడం, కటింగ్, డ్రయ్యర్, పీలింగ్, ఆ తర్వాత గ్రేడింగ్. ముందు దశలో వచ్చిన తప్పుని వెనక యంత్రం దిద్దలేదు, ఇంకా పెద్దది చేస్తుంది. డ్రయ్యర్‌లో పప్పు సమంగా ఆరకపోతే పొట్టు అంటుకునే ఉంటుంది. పీలింగ్ మెషీన్ గాలి ఒత్తిడితో పొట్టుని ఊడదీస్తుంది, అంటుకున్న పొట్టు దానికి రాదు. రాలేదని ఒత్తిడి పెంచితే గుండు (విరగని నిండు పప్పు) రెండుగా చీలి బద్దవుతుంది. ఆ మిగిలిన పొట్టు ముక్కని సార్టర్ కెమెరా మచ్చ అనుకుని మంచి పప్పునే రిజెక్ట్ డబ్బాలోకి ఊదేస్తుంది. చివరికి ‘యంత్రం బాగాలేదు’ అంటారు. పాడైంది డ్రయ్యర్ దగ్గర.

చేత్తో పీల్ చేసే ఆడవాళ్లు ఈ లోపాన్ని ఇన్నాళ్లూ మీకు తెలియకుండా సరిదిద్దుతున్నారు. తడి పప్పు ఏదో, ఎండింది ఏదో వాళ్ల వేళ్లకి తెలుసు. యంత్రానికి తెలియదు. కాబట్టి యంత్రం తెచ్చే ముందు వాళ్ల వేళ్లు చేసే పనిని డ్రయ్యర్ చేత చేయించాలి. మీ బోర్మా (పప్పు ఆరబెట్టే డ్రయ్యర్) ఏ ట్రేలో ఎంత ఆరుస్తోందో తెలుసుకోండి. పైన, మధ్యలో, కింద ట్రేల నుంచి, ముందు వెనకల నుంచి కలిపి ఆరు నమూనాలు తీసి, డిజిటల్ మాయిశ్చర్ మీటర్‌తో తేమ చూడండి. పీలింగ్‌కి వెళ్లే పప్పులో తేమ 3 నుంచి 4 శాతం ఉండాలి. ఒక ట్రే 3, మరో ట్రే 6 చూపిస్తే గాలి సమంగా తిరగడం లేదన్నమాట. ఫ్యాన్ మార్చడం, ట్రేల మధ్య సందు పెంచడం, మధ్యలో ఒకసారి ట్రేలు తిప్పడం లాంటి చిన్న మార్పులతోనే సగం సమస్య పోతుంది. మన తీరంలో వానాకాలం గాలిలో తేమ చాలా ఎక్కువ. డ్రయ్యర్ నుంచి తీసిన పప్పు గదిలో గంటల తరబడి ఉంటే మళ్లీ తేమ పీల్చుకుని పొట్టు బిగుసుకుంటుంది. తీసిన వెంటనే పీలింగ్‌కి పోయేలా పని సర్దుకోండి, లేదా మూత ఉన్న డబ్బాల్లో ఉంచండి. ఇక పీలింగ్ అయ్యాక పప్పు అదే 3 శాతంలో ఉంటే పెళుసుగా ఉండి ప్యాకింగ్‌లో విరుగుతుంది. 5 శాతానికి దగ్గరగా తెచ్చి ప్యాక్ చేయాలి, దాన్ని మించకూడదు.

కటింగ్ మెషీన్‌కీ ఇలాంటి ముందు పని ఒకటుంది. బ్లేడ్ల మధ్య ఎడం ఒకే సైజు పిక్కకి సరిపోతుంది. ఉద్దానం పిక్క, ఆఫ్రికా పిక్క కలిపి పోస్తే చిన్నవి కోయకుండా జారిపోతాయి, పెద్దవాటిలో పప్పు తెగుతుంది. కాబట్టి సైజు జల్లెడ లేకుండా కటింగ్ లైను కొనకండి. ఆవిరి పట్టాక 12 నుంచి 24 గంటలు ఆరనివ్వడం కూడా తప్పదు. తొందరపడి వేడిగా కోస్తే తొక్క సాగుతుంది, తొక్క నూనె పప్పుకి అంటి మచ్చ పడుతుంది.

అందుకని మా సలహా ఇది. మొదటి మూడు నెలలు కొలవడం మీద మాత్రమే ఖర్చు పెట్టండి. ఒక గ్రాముల తూకం, ఒక తేమ మీటర్, ఒక నోట్‌బుక్. కొన్న ప్రతి లారీ నుంచి పది పదిహేను బస్తాల్లోంచి కొద్దికొద్దిగా తీసి కలిపి, ఒక కిలో పిక్కలు కోసి చూడండి. మంచి పప్పు బరువుకి, మచ్చ, ముదరని పప్పు బరువులో సగం కలపండి. ఆ గ్రాముల్ని 0.176తో గుణిస్తే 80 కిలోల బస్తా పిక్కలకి ఎన్ని పౌన్ల (పౌండ్ల) పప్పు వస్తుందో తెలుస్తుంది. 270 గ్రాములొస్తే 47.5 పౌన్లు, 284 వస్తే 50. ఈ లెక్క పొట్టుతో సహా వేసేది కాబట్టి అమ్మే పప్పు ఇంకా తక్కువ ఉంటుంది. రెండు లారీల మధ్య ఈ రెండున్నర పౌన్ల తేడా అంటే మీ 20 బస్తాల మీద రోజుకి 22 కిలోల పైమాటే. ఏ యంత్రమూ ఇంత మిగల్చదు, పిక్క కొనేటప్పుడే మిగలాలి.

అలాగే గుండు శాతం. రోజుకి 400 కిలోల పప్పు అనుకుందాం. గుండుకీ బద్దకీ కిలోకి 100 రూపాయలు తేడా అనుకుంటే, కొత్త యంత్రం గుండు శాతాన్ని ఐదు తగ్గించినా రోజుకి 2,000, ఏడాదికి 5 లక్షలు పోతాయి. కూలీలో మిగిలింది అంతకంటే ఎక్కువుందా? ఇది తెలియాలంటే చేత్తో చేస్తున్న ఈ రోజుల్లో మీ గుండు శాతం ఎంతో రాసి ఉండాలి. యంత్రం వచ్చాక రాయడం మొదలుపెడితే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఆ తర్వాత డ్రయ్యర్ బాగుచేయడం లేదా మార్చడం. ఆ తర్వాత ఒక చిన్న పీలింగ్ మెషీన్, ఎందుకంటే మీకు మనుషుల కొరత ఉన్నది అక్కడే. రాని ఏడెనిమిది మంది పని అది చేస్తే చాలు. మిగతావాళ్లు యంత్రం వదిలేసిన పప్పుని చేత్తో శుభ్రం చేస్తారు. అలా ఉన్నవాళ్ల పని పోదు. సార్టర్ ఆఖరున. కేంద్రం 2020లో తెచ్చిన సూక్ష్మ ఆహార సంస్థల పథకంలో యంత్రాలకి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, మంజూరు చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఏఐ అన్న మాట గురించి. భవిష్యత్తును అధ్యయనం చేసిన రాయ్ అమారా చెప్పిన మాట ఒకటుంది: కొత్త సాంకేతికత కొద్దికాలంలో చేసేదాన్ని ఎక్కువగా అంచనా వేస్తాం, దీర్ఘకాలంలో చేసేదాన్ని తక్కువగా అంచనా వేస్తాం. మీ అబ్బాయి చెప్పింది పదేళ్లకి నిజం, ఈ ఏడాదికి కాకపోవచ్చు. ఒక యంత్రం ఎంత పండిందో చూడడానికి నాసా 9 మెట్ల కొలత వాడుతుంది. మొదటి మెట్టు సూత్రం తెలియడం, తొమ్మిదోది నిజమైన పరిస్థితుల్లో పనిచేసి నిరూపించుకోవడం. మీకు అన్ని మెట్లూ అక్కర్లేదు, ఒక్కటి అడగండి: తీరప్రాంతంలో, జీడిపప్పు మీదే, ఒక పూర్తి వానాకాలం నడిచిన యూనిట్ ఏది? అది చూపిస్తే వెళ్లి, యజమానిని కాదు, ఆపరేటర్‌ని అడగండి. ఎక్స్‌పోలో నడిచింది, లేదా బియ్యం మీద నడిచింది అంటే అది మీకు ఐదో ఆరో మెట్టు. ధర సగమైనా కొనకండి.

పరీక్ష మీ సరుకుతో చేయించండి, వాళ్లు తెచ్చిన నమూనాతో కాదు. 95 కిలోల మంచి పప్పు, 5 కిలోల మచ్చ పప్పు తూచి కలిపి నడపండి. రిజెక్ట్ డబ్బాలో 9 కిలోలు పడి, అందులో మచ్చవి నాలుగున్నర ఉన్నాయనుకోండి. మచ్చ చాలావరకు పట్టుకుంది నిజమే, కానీ నాలుగున్నర కిలోల మంచి పప్పుని కూడా పడేసింది. అమ్మేవాళ్లు మొదటి అంకె చెబుతారు, మీ జేబుకి తగిలేది రెండోది. ఇంకో సంగతి, సార్టర్ కంటే దాని కంప్రెసరే సాధారణంగా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. గాలిలో నూనె, తేమ లేకుండా ఎయిర్ డ్రయ్యర్, ఫిల్టర్లు ఉండాలి, లేకపోతే పప్పుని ఊదే చిన్న వాల్వులు జిగురెక్కి ఆలస్యంగా తెరుచుకుంటాయి, పక్క పప్పుని ఊదేస్తాయి. వోల్టేజీ ఊగిసలాడే చోట స్టెబిలైజర్ లేకుండా బిగించొద్దు. ఇవన్నీ కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూడండి, చాలాసార్లు ఉండవు. వాల్వు సెట్టు స్పేరుగా యూనిట్‌లోనే ఉండాలి. కొరియర్‌లో వచ్చేదాకా లైను ఆగకూడదు.

కరెంటు ఖర్చు పెరుగుతుంది కాబట్టి సోలార్ ఆలోచన మంచిదే. మన దగ్గర ఒక కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు, సుమారు 100 చదరపు అడుగుల కప్పు. 50 కిలోవాట్లకి రోజుకి 200 యూనిట్లు, 5,000 చదరపు అడుగులు. అయితే బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తుపాను తర్వాత ఎండ కాస్తున్నా అది మీకు పనికిరాదు, జనరేటర్ ఉంచుకోవాల్సిందే. ఫ్రేమ్ వేసేవాళ్లని గాలి భారం లెక్కకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 సవరణ ప్రకారం లెక్క కాగితం అడగండి. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు కట్టడాలకి తుపాను గాలిని అదనంగా లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. ఆ కాగితం ఇవ్వలేనివాళ్లకి మీ కప్పు అప్పగించకండి.

తొక్క సంగతి కూడా గుర్తుంచుకోండి. తొక్క బరువులో దాదాపు నాలుగో వంతు నూనె. రంగులకీ, బ్రేకు లైనింగులకీ అది కావాలి. పచ్చి తొక్కని బాయిలర్‌లో కాలిస్తే వచ్చే ఘాటు పొగ మీద చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదులు పెరిగేవే తప్ప తగ్గేవి కావు. నూనె మిల్లుకి తొక్క అమ్మి, నూనె తీసిన పిండిని తెచ్చి కాల్చే ఏర్పాటు చేసుకుంటే, రేపు నిబంధన బిగిసినా మీకు కొత్త ఖర్చు ఉండదు.

ఇప్పుడు గమనించాల్సినవి. నోట్‌బుక్‌లో ప్రతి నెల ఒకటో తేదీన ఇవి రాయండి: పిక్క ఎక్కడిది, బస్తా ధర, ఎన్ని పౌన్లు, పీలింగ్‌కి సగటున ఎంతమంది వచ్చారు, కిలోకి ఎంత కూలి, గుండు శాతం, బస్తాకి ఎన్ని యూనిట్ల కరెంటు, వెనక్కి వచ్చిన సరుకు ఎంత, ఎందుకు. వెనక పేజీలో షరతులు ముందే రాసుకోండి. ఉదాహరణకి, వరసగా మూడు నెలలు 20 మంది కంటే తక్కువ వస్తే రెండో పీలింగ్ మెషీన్. ఆఫ్రికా పిక్క ధర వరసగా రెండు సీజన్లు మీ పప్పు ధర కంటే వేగంగా పెరిగితే కటింగ్ లైను ఆలోచన మాని, ఉద్దానం రైతులతో ముందస్తు ఒప్పందాల వైపు. తిత్లీ తర్వాత నాటిన అంట్లు ఇప్పుడు కాపుకొచ్చాయి, ఆ రైతులు 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కోసం అడుగుతూనే ఉన్నారు. నాణ్యత పౌన్లని బట్టి ధర ఇస్తానని ముందే చెప్పే మిల్లు వాళ్లకీ కావాలి. అంకెలు మీవి మీరు పెట్టుకోండి, కానీ కోపంలోనో, ఎక్స్‌పో నుంచి వచ్చిన ఉత్సాహంలోనో మార్చకండి. ఏడాదికి ఒక్కసారే మార్చండి. స్థానిక పిక్క మార్కెట్‌కి వచ్చేది ఉగాది రోజుల్లోనే కాబట్టి, పంచాంగంలో ఆదాయ వ్యయాలు విన్న రోజే నాన్నగారు, మీరు, మీ అబ్బాయి ముగ్గురూ ఈ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చోండి.

పనివాళ్ల పిల్లల గురించి అడిగారు, ఆ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఏఐ కోర్సులకి పంపనక్కర్లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేసిన పిల్లలకి గాలితో నడిచే వాల్వులు, సెన్సర్లు, పీఎల్‌సీ ప్యానెల్ (యంత్రాన్ని నడిపే కంట్రోల్ పెట్టె) మీద కొన్ని నెలల శిక్షణ ఇప్పిస్తే మీ యూనిట్‌లోనే కాదు, రైస్ మిల్లులోనూ, రొయ్యల ప్లాంట్‌లోనూ, రేపు పోర్టులోనూ పని దొరుకుతుంది. ఇక సార్టర్ వచ్చిన రోజున దాని తెర ముందు బయటి నుంచి తెచ్చిన కుర్రాణ్ని కూర్చోబెట్టకండి. ఇరవై ఏళ్లుగా గ్రేడింగ్ చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లని కూర్చోబెట్టండి. డబ్ల్యూ 240కీ 320కీ (గుండు సైజు గ్రేడ్లు) మధ్య తేడా, లేత మచ్చకీ పొట్టు చారకీ మధ్య తేడా చూపు మీదే చెప్పగలిగేది వాళ్లే. బటన్లు వారంలో వచ్చేస్తాయి. కంపెనీ ఇంజనీరు బిగించడానికి వచ్చినప్పుడు వాళ్లిద్దరూ మొదటి రోజు నుంచి అతని పక్కనే ఉండాలని, ఆ రోజుల కూలి పూర్తిగా ఇస్తామని ఇప్పుడే వాళ్లకి చెప్పండి.